ఏసీ చల్లన, బత్తా పల్చన

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం ఆదేశం. మంచిదే! ఇన్నాళ్లూ ఇంజిన్ పక్కన ఉడికిపోయిన డ్రైవరన్న ఇక చల్లగా కూర్చుని బత్తా లెక్క చూసుకోవచ్చు. ఒంటికి చెమట పట్టదు, కళ్లే చెమరుస్తాయి. ఏసీ తాగే డీజిల్ ఎవరి ఖాతాలో పడుతుందో ఓనరుగారినే అడగాలి.

రోజుకు 8 గంటలే పని అని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. పాపం, ఏ టోల్‌గేటు దగ్గర ఆగిపోయిందో, హైవే మీద కనబడదు!

2024 జనవరిలో మాత్రం డ్రైవర్లకు కోపమొచ్చింది. గుద్ది ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త శిక్షా చట్టంలోని సెక్షన్ మీద బండ్లు ఆపేశారు. రెండో రోజుకే హైదరాబాద్ బంకుల ముందు బారులు. పెట్రోలు దొరక్క ఒక డెలివరీ కుర్రాడైతే ఏకంగా గుర్రమెక్కాడు. ఢిల్లీ హడావిడిగా చర్చలకు కూర్చుంది. ఎవరితో? లారీలు నడిపేవాళ్లతో కాదు, నడిపించేవాళ్ల సంఘంతో! ఆ జులైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది గానీ ఆ ఒక్క సెక్షన్‌కు బ్రేకు పడింది.

బత్తా సంగతా? దానికి అసలు సెక్షనుంటే కదా!