‘ఏం అడుగొద్దు’: టీకా తాత్పర్య సహితం

మూలం: “లోపటికి పోయినంక ఏం అడుగొద్దు, నా చెయ్యి ఇడువొద్దు.”

అవతారిక: దసరా బట్టల కోసం సిద్దిపేట బయలుదేరిన చిన్నకోడూరు తల్లి, బస్సు రాకముందు ఇద్దరు పిల్లలకు చేసే ఉపదేశమిది. చిన్నకోడూరు మండల కేంద్రమే కానీ మాల్ లేదు. 2009లో మాదాపూర్‌లో తెరిచిన ఇనార్బిట్ వంటిది చూడాలంటే హైదరాబాద్ దాకా పోవాలి. ఇక్కడివాళ్లకు సిద్దిపేటలోని అంతస్తుల బట్టల దుకాణమే మాల్. బోర్డు మీదా అదే రాసుకుంటారు గనుక వ్యాఖ్యాతకు అభ్యంతరం లేదు.

ఇలాంటి వాక్యానికి టీక రాసే హక్కు ఈ గడ్డకు ఉంది. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారమని ప్రసిద్ధి. 2016 అక్టోబరులో సిద్దిపేట విడిపోయేదాకా చిన్నకోడూరూ ఆ జిల్లాలోదే. ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ఆ మహానుభావుడి ప్రతిజ్ఞ. అవసరం లేనిది అమ్మను అని ఏ మాల్ అయినా ప్రతిజ్ఞ పూనితే దసరా దాకా నిలవదు.

పోయినంక: పోవడం బస్సుతోనే మొదలు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. తల్లికీ కూతురికీ జీరో టికెట్. కొడుక్కి ఐదేళ్లు దాటితే హాఫ్ టికెట్. ఇక్కడ ఒక పాఠభేదం ఉంది. “నాలుగున్నర” అని తల్లి పాఠం. “ఆరు” అని కొడుకు పాఠం. కండక్టర్లు రెండోదాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు.

ఏం అడుగొద్దు: ఇది నిషేధ వాక్యం. నిషేధం అడగడానికే గానీ తీసుకోవడానికి కాదని చిన్నవాడి మీమాంస. అడగకుండానే వాడి చెయ్యి ర్యాకు మీదికి పోతుంది. “నేను అడిగిన్నా?” అన్న వాడి వాదానికి పెద్ద పండితులైనా ఖండన చెప్పలేరు. పైగా బిల్లింగ్ కౌంటర్ దగ్గర చాక్లెట్లు పెట్టే ఎత్తు తల్లి కంటికి అందేది కాదు, సరిగ్గా వాడి కంటికి అందేది. లైను కదలదు, చాక్లెట్టూ కదలదు.

పెద్దల సంగతీ అంతంతే. వియన్నాలో పుట్టిన విక్టర్ గ్రూయెన్ నమూనా గీయగా, అమెరికాలోని మినెసోటాలో 1956లో సౌత్‌డేల్ మాల్ తెరిచారు. లోపలికి అడుగు పెట్టాక కొనదలచింది మరచి కనబడ్డదల్లా చూస్తూ తిరగడానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. ఆయనకు అది నచ్చిన కీర్తి కాదు. జాకెట్ గుడ్డ కోసం వచ్చి దుప్పట్ల సెక్షన్‌లో తేలిన తల్లికి ఆయన పేరు తెలియదు, మహిమ తెలుసు.

చెయ్యి ఇడువొద్దు: ఎస్కలేటర్ ఉన్న దుకాణంలో ఈ మాటకు బలం హెచ్చు. 1898లో లండన్‌లోని హారడ్స్ కదిలే మెట్లు పెట్టినప్పుడు, ఎక్కి వచ్చినవాళ్లకు గుండె కుదుటపడడానికి బ్రాందీ ఇచ్చారట. మన పిల్లలకు ఆ అక్కర లేదు, దిగమంటేనే ఏడుపు. మెట్ల పక్కన బ్రష్షులాంటి కుచ్చులు బూట్లు తుడుచుకోవడానికి కాదు, కాలు అంచుకు చేరకుండా ఆపడానికి. మెత్తని రబ్బరు చెప్పులు అక్కడ ఇరుక్కుంటున్నాయని 2008లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ హెచ్చరించింది. కాబట్టి ఈ పదం దగ్గర వ్యాఖ్యాత వేళాకోళం మానేస్తున్నాడు: చెయ్యి పట్టుకోవాలి, మెట్టు నడిమధ్య నిలబడాలి.

తాత్పర్యం: నాయనా, ఎట్లాగూ అడుగుతావు, ఎట్లాగూ కొనిస్తాను. బిల్లు కట్టేచోట మాత్రం కింద పడి దొర్లకు. పండుగ ముందు ఆ లైన్ల సగం మంది మనూరోళ్లే ఉంటరు.