ఫంక్షనల్ ప్రోగ్రామింగు గ్రంథముల నెన్నుకొను విధము

ఒకమారు విలువ నొసగిన పేరునకు మరల వేఱొక విలువ నీయక, ప్రమేయములను ప్రమేయములతో సంధించి గణనమంతయు నిర్వహించునట్టి ఫంక్షనల్ ప్రోగ్రామింగను విద్యను నేర్వ సంకల్పించిన సజ్జనులు మొట్టమొదట గ్రహింపవలసిన దేమనగా, గ్రంథము నెన్నుకొనుటయే సగము విద్య. తక్కిన సగము ఆ గ్రంథమును నలుగురి కగపడునట్లు బల్లపై నుంచుట. కంప్యూటరుతో దీనికి సంబంధము లేదు.

కావున గ్రంథము స్థూలమై యుండవలెను. హెరాల్డ్ అబెల్సన్, సస్‌మన్ దంపతులు కలసి 1985లో వెలువరించిన ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’ ఈ ప్రయోజనమునకు మిక్కిలి తగినది. ముఖచిత్రమున మాంత్రికుడు కూడ కలడు. అయితే మూడవ అధ్యాయము చేరకుండ జాగరూకులై యుండుడు. ఏలయన, మొదటి రెండధ్యాయములయందును విలువలను మార్చు ప్రసక్తియే లేకుండ చదువరిని నడిపించిన యా గ్రంథకర్తలు, మూడవదానియందు 100 డాలర్ల నిలువగల ఖాతా నొకదానిని తెచ్చి, 25 తీయుమన్నచో 75 మిగిలినదనియు, అక్షరము మార్పక ఆ మాటనే మరల పలికినచో 50 మిగిలినదనియు చూపి, ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు పుట్టిన తావున తర్కము తన పట్టు నెట్లు కోల్పోవునో తేటపఱతురు. ఈ విద్యకు ఇంతకంటె బలమైన వాదమును నేనెఱుగను. అది మనసున నాటినచో మీరు నిజముగనే నేర్చుకొందురు. పీఠికతో నిలిచిపోవుట క్షేమము.

సన్నని పుస్తకములు మఱింత ప్రమాదకరములు. ‘ది లిటిల్ స్కీమర్’ ఆద్యంతము ప్రశ్నోత్తరరూపమున సాగుచు, చదువరి చేతి జెల్లీ మరకలకై పుటలో కొంత చోటు కూడ విడిచి, అతడెఱుగకుండనే అతనిచే రికర్షనును అభ్యసింపజేయును. గ్రాహం హటన్ వ్రాసిన ‘ప్రోగ్రామింగ్ ఇన్ హాస్కెల్’లో అధ్యాయాంతముల అభ్యాసములున్నవి, ఆ పుటలను వేగముగ త్రిప్పుడు.

ఇంకను శంక తీరనివారు సాండర్స్ మక్లేన్ 1971లో గణితజ్ఞుల కొఱకు ప్రకటించిన కేటగరీ సిద్ధాంత గ్రంథముతో ప్రారంభింపవచ్చును. హాస్కెల్ భాషలో, ఆ సిద్ధాంతమునుండి వచ్చిన మొనాడును వాడుకొనుటకు ఆ గ్రంథముయొక్క యక్కఱలేదని యెవరేని చెప్పినచో వినకుడు. ఆ మాట సత్యమే గాని, విన్నచో పది పంక్తుల ప్రోగ్రామైనను వ్రాయవలసి వచ్చును.

ఒక్క చిక్కు మాత్ర మున్నది. ఆ మాంత్రికుని గ్రంథముయొక్క 1996 నాటి రెండవ కూర్పు అంతర్జాలమున ఉచితముగనే లభించుచున్నది. ధనము లేదను సాకు చెల్లదు గనుక, వేఱొకదానిని ముందుగనే సిద్ధపఱచుకొనుడు.