నోరొచ్చిన రూపాయి

మా వీధి చివర మిరపకాయ బజ్జీల బండికి ఒక చిన్న డబ్బా కట్టి ఉంటుంది. ఎవరైనా ఫోన్‌లో డబ్బు కొట్టారో లేదో, "ముప్పై రూపాయలు వచ్చాయి" అని వీధంతా వినపడేలా అరుస్తుంది. నన్ను నూనె వస్తువులు మానమని డాక్టరు గారు చెప్పిన సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఆ ప్రచారం మా ఆవిడదే. అందుకని డబ్బా ముప్పై అన్నప్పుడల్లా ఎదురింటి కిటికీ తెరుచుకుంటుంది.

పోనీ ఎదురింటావిడ ఊళ్లో లేని రోజు చూసుకుని వెళ్దామా అంటే, మాది జాయింటు ఖాతా. మెసేజీ మా ఆవిడ ఫోనుకే పోతుంది. నేను మొదటి బజ్జీ చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరుకునేలోపు అటునుంచి ఫోను. "ఏమండీ, బెండకాయలకని కదా వెళ్లారు! కూరల బండికి టిఫిన్ సెంటరు పేరేంటి?"

జేబులో నోట్లున్న రోజుల్లో ఈ బాధ లేదు. వంద వేసుకుని బయల్దేరి అరవైతో ఇల్లు చేరితే, ఆ నలభై ఎటు పోయిందో నోటు మీది గాంధీగారొక్కరికే తెలుసు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

నిజం చెప్పొద్దూ, అప్పుడు మాత్రం సుఖపడ్డామా! ఆర్టీసీ బస్సులో పెద్ద నోటిస్తే కండక్టరు టిక్కెట్టు వెనకాల బాకీ గీకి ఇచ్చేవాడు. ఇక పచ్చటి పొలాలు పక్కనే పోతున్నా కళ్లు అతని సంచీ మీదే. అంత కాపలా కాసీ దిగే తొందరలో మర్చిపోవడం, బస్సు మలుపు తిరిగాక టిక్కెట్టు చూసుకోవడం మామూలే. కిరాణా కొట్టువాడు రూపాయికి బదులు చాక్లెట్టు పెట్టేవాడు. అదే చాక్లెట్టు మర్నాడు మనమిస్తే పుచ్చుకునేవాడు కాదు.

ఇక 2016 నవంబరు 8 రాత్రి. ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో చెప్పగానే మా ఆవిడ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బాతో తిరిగొచ్చింది. ఆవాల గిన్నె ఎత్తింది. జీలకర్ర గిన్నె ఎత్తింది. కింద, మడతలు పెట్టిన ఐదువందల నోట్లు ఇరవై రెండు! ఇంట్లో పదకొండు వేలున్నాయని నాకు తెలియడం అదే మొదలు. ఆ నెలే నేను ఆఫీసులో చేబదులు తీసుకున్నాను. బ్యాంకులో క్యాషియరు ఆ నోట్లు లెక్కపెడుతూ మధ్యలో ఆగి, వేళ్లు వాసన చూసుకుని, "మంచి ఇంగువ, ఎక్కడ కొన్నారండీ?" అన్నాడు. నేను వారం రోజులు నవ్వాను. అంత నవ్వకుండా ఉండాల్సింది.

పాత నోట్లు బ్యాంకులో వేయడానికి ఆఖరి రోజు డిసెంబరు 30. సరిగ్గా ఆ రోజే భీమ్ యాప్ విడుదలైంది. ఆ పేరు అంబేడ్కర్ గారి మీద పెట్టింది. నా తిండియావకు మాత్రం విరాటరాజు వంటింట్లో వలలుడిగా గుట్టుగా గడిపిన భీముడు గుర్తొచ్చాడు. ఫర్వాలేదు, తిండి దగ్గర గుట్టు నిలుస్తుందనుకున్నాను. ఎదురింటి కిటికీ సంగతి అప్పటికి తెలియదు.

మొన్న పంతం పట్టి ఏటీఎంకి వెళ్లాను. అన్నీ ఐదువందలే వచ్చాయి. ఒకటి చూపిస్తే బజ్జీల అమ్మాయి, "చిల్లర లేదు బాబాయ్ గారూ, ఫోన్‌పే కొట్టండి" అంది. నోరు మూసుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ గుళ్లో ఉంది. పోపుల డబ్బా మూత తీశాను. ఆవాల గిన్నె కింద మళ్లీ నోట్లు! 2023లో రెండువేల నోటును కూడా వెనక్కి పిలిచారు కదా, అప్పుడు బుద్ధొచ్చినట్టుంది, ఈసారి అన్నీ పదులూ ఇరవైలే. మూడు పదులు లాగి పరుగున బండి దగ్గరికి పోయాను.

ఆ అమ్మాయి నోట్లు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇవీ ఇంగువ వాసనే బాబాయ్ గారూ! నిన్న పిన్నిగారు ఆరు బజ్జీలు కట్టించుకెళ్లారు, ఆవిడిచ్చిన నోట్లూ అచ్చం ఇంతే."

డబ్బా మాత్రం కిక్కురుమనలేదు.