ఆపి ఏసే మావ

ఇలాంటి మావ ప్రతి టీములోనూ ఒకడుంటాడు. మాకు దక్కినవాడు దర్శివాడు. కరోనా నాడు ఊరికి చేరాడు, కంపెనీ మళ్ళీ రమ్మనలేదు, ఆయనా గుర్తు చెయ్యలేదు. పొదిలి రోడ్డు పక్క డాబా మీద లుంగీ కట్టుకుని, హెడ్‌సెట్టు తగిలించుకుని, రాత్రంతా అమెరికా సర్వర్లకు కాపలా. ఆయన అనుభవసారం రెండే మాటలు: "ఆపి ఏయ్."

సర్వర్ మెమరీ నిండి మూలుగుతుంటే జూనియర్లు లాగులు తవ్వుతుంటారు. మావ కాల్లోకి వస్తూనే, "ఆపి ఏయండబ్బా, తెల్లారిపోతా ఉంది" అంటాడు. ఆపి వేస్తారు. నిమిషంలో నిమ్మళం. ఎందుకు నిండిందో తేలకపోయినా, తొందరగా తేల్చినందుకు మావకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆ హుషారులో, ప్రతి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి సర్వర్ దానంతటదే రీస్టార్టయ్యేట్టు స్క్రిప్టు రాసి, 'నివారణ చర్య' అని పేరు పెట్టాడు.

1992 నవంబరు 4న లండన్ అంబులెన్సుల కంప్యూటర్ కూలింది ఈ జబ్బుతోనే. మూడు వారాల ముందు ప్రోగ్రాములో మిగిలిపోయిన ఓ ముక్క, బండి పంపినప్పుడల్లా కాస్త మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వలేదు. సిబ్బంది ముందు రీస్టార్టే చేశారు, కుదరలేదు. చివరికి కాగితాలే దిక్కయ్యాయి. ఇది చెబితే మావ, "వాళ్ళు ఆదివారం ఆదివారం పెట్టుకోలా గదా!" అన్నాడు. చెప్పకూడదు గానీ, అందులో న్యాయముంది.

అసలు రోగం పట్టింది కొత్తగా చేరిన మార్కాపురం అమ్మాయి. మా ప్రోగ్రాము జావాలోది; పనయిపోయిన మెమరీని జావా తనే చెత్తగా ఎత్తేస్తుంటుంది గనక మెమరీ గీత రంపం పళ్ళలా ఎక్కి దిగుతుంటుంది. "పళ్ళు కాదు సార్, చిగుళ్ళు చూడండి" అందా పిల్ల. దిగిన ప్రతిసారీ గీత అడుగు మునుపటికన్నా కాస్త పైనే ఆగుతోంది. రాత్రి పదింటికొక హీప్ డంపు (మెమరీ నకలు), రెండింటికొకటి తీసి పోల్చింది. ఒక స్టాటిక్ మ్యాపు (ప్రోగ్రాము ఆగేదాకా పోని జాబితా) ఉబ్బిపోయి ఉంది. లాగిన్ అయినవాళ్ళ వివరాలు అందులో చేరుతున్నాయి, లాగౌట్ అయినా వదలడం లేదు. మ్యాపు పట్టుకుని ఉన్నంతసేపు జావా వాటిని చెత్తగా లెక్కకట్టదు. అమ్మాయి మ్యాపుకు హద్దు కట్టి, పాతవి రాలిపోయేలా గడువు పెట్టింది.

ఇంతకీ ఆ మ్యాపు పెట్టిన మహానుభావుడెవరా అని కోడ్ చరిత్ర తీస్తే, మావ.

"అప్పుడు జనం తక్కువమ్మా" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా.

ఇప్పుడు గీత అడుగు కదలడం లేదు. ఇక ఆదివారం స్క్రిప్టు తీసేద్దామా అని అడిగిందా పిల్ల.

"ఉండనీమ్మా, అదేమన్నా అన్నం అడుగుతా ఉందా?"