వాగ్దానాలు మాకు, ఆజ్ఞలు మీకు

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటగానే మన చర్చిల్లో మొదలయ్యే తోపులాట చూశారా? స్టీలు పళ్లెంలో చుట్టి పెట్టిన వాగ్దాన కార్డులుంటాయి. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, నాలుగైదు కెలికి ఒకటి పైకి తీస్తారు. నువ్వు తలవే గాని తోకవు కావన్న కార్డు వచ్చినవాడు అక్కడికక్కడే ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. కాస్త శ్రమల ఊసున్న కార్డు తగిలినవాడు, పాస్టరుగారు అటు తిరిగినప్పుడు దాన్ని మెల్లిగా పళ్లెంలో పడేసి ఇంకోటి తీస్తాడు. దేవుడి మాటకే రీకౌంటింగ్!

ఆ పళ్లెంలో ఉన్నవాటి సంగతి సరే, లేనివాటిని చూడండి. ఉన్నదమ్మి బీదలకు పంచమన్న కార్డు అందులో ఉండదు. కూలివాడి కూలి బిగబట్టొద్దన్నది ఉండదు. పొరుగువాడి సరిహద్దు రాయి జరపొద్దని ద్వితీయోపదేశకాండంలో స్పష్టంగా ఉంది. ప్లాట్ల వ్యాపారం చేసే సంఘ పెద్ద చేతికి ఆ కార్డే తగిలితే పాపం ఏడాదంతా ఆయన గతేం కావాలి? అందుకే కార్డులు కొట్టించేవాళ్లు ముందే జాగ్రత్తపడ్డారు. అరవై ఆరు పుస్తకాల్లోంచి దేవుడు మనకు ఇవ్వాల్సినవన్నీ ఏరి అచ్చేయించి, మనం చెయ్యాల్సినవన్నీ అట్టల మధ్యే వదిలేశారు. జమ పేజీ ఉంచుకుని ఖర్చు పేజీ చింపేసిన లెక్కల పుస్తకం మన భక్తి. కారు వెనక అద్దం మీద 'ప్రభువు ఇచ్చిన బహుమానం' అని ఉంటుంది. ఆర్‌సీలో బ్యాంకు పేరుంటుంది. వాయిదా కట్టలేని నెలలో ఆ బహుమానం ఎవరిదో బ్యాంకువాళ్లు వచ్చి చెబుతారు.

మొదట్లో వ్యవహారం ఇలా లేదు. ఒంగోలు సంగతి తీసుకోండి. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక ఆయన జనం వరస కట్టారు. అప్పటిదాకా మిషనరీ జాన్ క్లౌ దొరగారి దగ్గరికి వస్తూ పోతూ ఉన్న పై కులాల పెద్దలు తేల్చి చెప్పేశారు: వాళ్లను చేర్చుకుంటే మేం రాం. చదువు, భూములు, పలుకుబడి అన్నీ అటే ఉన్నాయి. దొరా, ఆయన భార్యా ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందట. ఘనుల్ని కాదు, లోకం తోసిపారేసినవాళ్లనే దేవుడు ఏరుకున్నాడని చెప్పే చోటది. పెద్దలు వెళ్లిపోయారు, మాదిగలు ఉండిపోయారు. మనమైతే ఏం చేసేవాళ్లం? కమిటీ వేసి 'ప్రార్థనలో పెట్టేవాళ్లం'. మన సంఘాల్లో ఏ విషయాన్నయినా ప్రార్థనలో పెట్టారంటే అది ఇక బయటికి రాదని లెక్క.

చేరేవాళ్లకు అప్పుడు పెట్టిన షరతులు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ పిలిచిందే తడవుగా పరిగెత్తాల్సిన మాదిగ, ఆసామి గుమ్మం ముందు చేతులు కట్టుకుని "ఇవాళ ఆదివారమయ్యా, రాలేను" అనడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. జాతరకు డప్పు కొట్టనన్నా అంతే. తన్నులు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు, అయినా రామన్నారు. తరవాత ధాత సంవత్సరపు కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పనిచ్చాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఈ అంకె మనవాళ్లకు కంఠస్థం. ఏ వార్షికోత్సవంలోనైనా మైకు అందుకున్న ప్రతివాడూ చెబుతాడు. ఆసామి ముందు నిలబడి అన్న ఆ "రాలేను" మాత్రం ఎవరూ చెప్పరు.

చెబితే ఇబ్బంది. ఎందుకంటే ఇప్పుడు ఆసాములం మనమే. ఏ అపార్ట్‌మెంటులోనైనా భక్తిగల కుటుంబం ఆదివారం ఉదయం ఎలా ఉంటుందో చూడండి. తొమ్మిదిన్నరకు ఆరాధన. ఏడింటికే పనిమనిషి రావాలి. రాత్రి బిర్యానీ గిన్నెలు సింకులో నానుతుంటాయి. ఆమెదీ యేసుప్రభువే. కాకపోతే ఆమెకు ప్రభువు సాయంత్రం ఆరు తరవాతే దొరుకుతాడు, కాలనీలో రేకుల షెడ్డు కింద.

"అమ్మగారూ, వచ్చేవారం మట్టలాదివారమండి. పిల్లలతో పొద్దున్నే చర్చికి పోవాలండి."

"పో, ఎవరొద్దన్నారు? అంట్లు తోమేసి, ఇల్లు తుడిచేసి పో. బట్టలు సోమవారం చూసుకుందువులే."

ఆ ఉదారతకు ఆ అమ్మగారు స్త్రీల కూటంలో సాక్ష్యం కూడా చెప్పగలరు. శ్రమదినాలు నలభై రోజులూ మాంసం ముట్టని మనిషి, జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదని పనిమనిషి జీతంలో నాలుగొందలు విరిచి, ఆ నాలుగొందలే గుడ్ ఫ్రైడే కానుకల సంచిలో వేస్తారు. బిగబట్టిన కూలి దేవుడి చెవిదాకా వెళ్లి కేకలు పెడుతుందని యాకోబు రాశాడు. మన క్వయర్‌కి ఈ మధ్య కొత్త స్పీకర్లు వచ్చాయి కనక ఆ కేకలు వినపడే భయం లేదు.

సండే స్కూల్లో జక్కయ్య కథ చెప్పడం కూడా గమ్మత్తుగానే ఉంటుంది. పొట్టివాడు, మేడిచెట్టెక్కాడు, ప్రభువు దిగిరమ్మన్నాడు. పిల్లలు చేతులూపుతూ చెట్టెక్కి దిగి, బిస్కెట్లు తిని ఇళ్లకెళ్తారు. దిగాక ఆయన ఏమన్నాడో ఆ పాఠంలో రాదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తిన్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మన ఆఫీసుల్లో పనిచేసే జక్కయ్యలు ఆ లెక్కని పదో వంతుకి కుదించుకున్నారు. టేబుల్ కింద వచ్చినదానికి కూడా దశమభాగం తీసి ఇస్తే మిగతా తొంభై శాతం పవిత్రమైపోతుంది. ఇచ్చిన పదిలో ఒక ఫ్యాను వస్తుంది, దాని రెక్క మీద దాత పేరు పెయింటుతో రాయిస్తారు. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదన్న సూత్రం ఫ్యాను తిరిగినంతసేపు అమల్లో ఉంటుంది. కరెంటు పోగానే పేరు కనిపిస్తుంది.

ఇన్నిటినీ క్షమించే మనకు ఒక్క విషయంలో మాత్రం మహా కోపం. చర్చికొచ్చే కుర్రాడు కాలేజీ సీటు కోసం హిందూ మాదిగ అనో, హిందూ మాల అనో సర్టిఫికెట్టు తీసుకుంటే చాలు, ప్రసంగ వేదిక ఊగిపోతుంది. 'ప్రభువుని ఎరగనన్న పేతురు!' అంటారు. అసలు ఆ కుర్రాడిని అక్కడికి నెట్టిందెవరు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకే అంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీసింది. క్రైస్తవుడికి తియ్యలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో అతను బీసీ-సీ, రిజర్వేషన్ వాటా ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకున్నాడని ఊరు అతన్ని పేటలోంచి ఊళ్లోకి పిలిచిందా? లేదు. అదే మన రెడ్డి క్రైస్తవుడు, కమ్మ క్రైస్తవుడు పేరు చివరి తోకతో సహా నీళ్లలో మునిగి లేస్తారు. తోక తడవదు కూడా. కోటి రూపాయల ఫ్లాటుని అరవై లక్షలకు రిజిస్టరు చేయించి గృహ ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుంటే అది దేవుని కృప. పేదవాడు ఒక కాగితం మీద చెప్పే అబద్ధం మాత్రం పేతురు పాపం.

అసలు పరీక్ష పెళ్లిళ్లలో ఉంది. క్రైస్తవ సంబంధాల ప్రకటనలు ఒకసారి చదవండి. భక్తిగల, ప్రార్థనాపరురాలైన, తిరిగి జన్మించిన వధువు కావలెను. కింద చిన్న అక్షరాల్లో కులం. తిరిగి జన్మించినా సరే, అదే కులంలో జన్మించాలన్నమాట! ఇందులో పై కులాలనే అనడానికి వీల్లేదు. లూథరన్లలో మాలలు ఎక్కువ, బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. దొరలు డినామినేషన్లు తెచ్చిపెడితే మనం వాటిని పేటలు చేసుకున్నాం. ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తాం, వియ్యం మాత్రం అందుకోం.

ఇక కట్నం. మనవాళ్లు దాన్ని కట్నమనరు. 'మేమేం అడగలేదండీ, వాళ్లే అమ్మాయికి ప్రేమతో పెట్టుకున్నారు' అంటారు. ప్రేమని పెళ్లికి ముందే మూడు వాయిదాల్లో వసూలు చేస్తారు. 1961లోనే చట్టం నిషేధించిందిగా అంటే, మనం ధర్మశాస్త్రం కింద లేం, కృప కింద ఉన్నామని అపొస్తలుడే చెప్పాడంటారు.

దీనికి నా దగ్గర ఒక చవకైన ఉపాయం ఉంది. పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు కదా: ఫలానావారి కుమారుడికి, ఫలానావారి కుమార్తెకు వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయగలరు అని. అక్కడ ఆపకుండా అదే గొంతుతో మిగతాది కూడా చదివించండి: నగదు పాతిక లక్షలు, బంగారం నలభై కాసులు, మంగళగిరి దగ్గర రెండు వందల గజాల స్థలం, ఆడపడుచు లాంఛనం వేరు. ఆ తరవాత అడగండి అభ్యంతరం సంగతి. కొత్తలో పాస్టరుగారికి మొహమాటంగా ఉంటే ముందు సొంత కొడుకు పెళ్లితో మొదలుపెట్టొచ్చు. ఆ వివరాలైతే ఆయన కాగితం చూడకుండానే చెప్పగలరు.