రెండెకరాలు

పరకాలలో అమరధామానికి దగ్గర్లో ఉండే ఓ పెద్దమనిషికి పుట్టుకతో వచ్చిన రేచీకటి. పొద్దుగూకితే గోడ పట్టుకుని నడవాలి. పగలైనా ఎదుట ఉన్నదే కనిపిస్తుంది, పక్కన ఎవరున్నారో తెలియదు. అమెరికాలో కంటి మీద పరిశోధన చేసే మేనల్లుడు సెలవుకు వచ్చాడు. పొద్దున్నే చాయ్‌కి చుట్టుపక్కల వాళ్లంతా చేరారు. పెద్దమనిషి ఒక్కగానొక్క బిడ్డ కప్పులు పెట్టి లోపలికి పోయింది.

"అక్కడ ఏం చేస్తవురా?" అడిగాడు మామ.

"ఎలుకల కండ్లు సూస్త మామా. వెలుతురు పట్టే కణంల రొడాప్సిన్ అని ఒక ప్రోటీన్ ఉంటది. కణం లోపలి భాగంల తయారైతది, సన్నటి సందులకెళ్లి బయటి భాగానికి పోతది. అక్కడ బిళ్లల మీద బిళ్లలు. పాతయి కొసకు రాలుతుంటయి, కొత్తయి అడుగున పుడుతుంటయి. ఎలుకకైతే పది దినాలల్ల మొత్తం కొత్తదే."

"కొత్తదేదో పాతదేదో ఎట్ల గుర్తు పడ్తవు?"

మంచి ప్రశ్నే వేశాడు. దానికోసమే జన్యువుకు స్విచ్చి పెడతారు. తాగే నీళ్లలో డాక్సీసైక్లిన్ కలిపితే జన్యువు మేలుకుని, పచ్చగా మెరిసే గుర్తుతో రొడాప్సిన్ తయారవుతుంది. మందు ఆపితే ఆగిపోతుంది. ఆ పచ్చటి పట్టీ ఏ రోజుకు ఎంత జరిగిందో మైక్రోస్కోపులో కొలుస్తారు. జన్యువు చెడ్డదైతే ప్రోటీన్ దారిలోనే చిక్కుకుంటుంది, కణం చచ్చిపోతుంది. ఆ నీళ్లలో కలిపే డాక్సీసైక్లిన్ వంశానికి ఆద్యం ఆరియోమైసిన్. 1948లో దాన్ని లోకానికిచ్చిన లెడర్లీ కంపెనీలో పరిశోధనల పెద్ద మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావే. ఆ సంగతి అల్లుడు చెప్పలేదు. చెప్పాల్సింది.

"మరి నాకెందుకొచ్చెరా ఇది?"

"అమ్మమ్మది, తాతది మేనరికం గద మామా. ఇద్దరిల దాగున్న చెడ్డ జన్యువు నీకాడ జతగూడింది. ఏం జేస్తం, ఆ కాలంల తెల్వక చేసిండ్రు."

అందరూ అయ్యో అన్నట్టు తలలూపారు. మామ కప్పు కింద పెట్టాడు.

"తెల్వకనే చేసిండ్రు, నిజమే. మరి రాత్రి కరెంటు పోయినప్పుడు అరుగు మీద మీ అమ్మతోని ఏమంటివి? 'పుట్టేటోళ్ల కండ్ల సంగతి తర్వాత సూద్దాం, ముందుగాల ఆ పిల్లతోని లగ్గం పెట్టియ్యి, భూపాలపల్లి రోడ్డు మీది రెండెకరాలు నా పేర రిజిస్ట్రేషన్ చేపియ్యి' అంటివి గద! చీకట్ల నాకు కండ్లే కనపడయి అల్లుడా, చెవులు మంచిగనే ఇనపడ్తయి."