కుడిపక్క సీటు

నా స్టీరింగు ఎడమపక్కన ఉంటుంది. సమోవాలో బండ్లు నడిచేదీ రోడ్డుకి ఎడమపక్కనే. ఈ రెండూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో డ్రైవింగు వచ్చినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ముందు బస్సు పోతుంటే నా డ్రైవరుకి బస్సు వీపు తప్ప మరేమీ కనబడదు. ఎదురుగా ఏమొస్తోందో కుడిపక్క సీట్లో కూర్చున్న మనిషి తల బయటపెట్టి చూసి చెప్పాలి. కాబట్టి నాకు ఒక డ్రైవరు చాలడు.

ఇందులో నా తప్పేం లేదు. నేను టొయోటా టకోమా పికప్‌ని. పేరు జపాన్‌ది గానీ పుట్టింది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ ఫ్యాక్టరీలో. ఓడెక్కి అమెరికన్ సమోవాలోని పాంగో పాంగోకి, అక్కణ్ణించి ఇంకో ఓడలో ఈ పక్క దేశపు రాజధాని ఆపియాకి వచ్చాను. అప్పట్లో ఇక్కడా కుడిపక్కనే నడిచేవాళ్ళు, జర్మన్లు ఏలినప్పటి అలవాటు. 2009లో అప్పటి ప్రధాని తుయిలాయెపా ప్రభుత్వం పక్క మార్చేసింది. ఆస్ట్రేలియాలోనూ న్యూజీలాండ్‌లోనూ బతుకుతున్న సమోవావాళ్ళు అక్కడి పాతకార్లు చవగ్గా ఇంటికి పంపుకోవచ్చని. సెప్టెంబరు 7, సోమవారం, పొద్దున్న ఆరింటికి దేశం దేశమంతా ఎడమకి జరిగింది. రెండ్రోజులు సెలవిచ్చారు, మూడ్రోజులు మందు అమ్మకం ఆపారు. బస్సు తలుపులు రోడ్డు నడిమధ్యకి తెరుచుకుంటాయి బాబోయ్ అని బస్సుల యజమానులు గోలపెట్టారు. పాత పికప్ గోల ఎవరిక్కావాలి?

మిషనరీ జంటల చేతుల్లోనే నా బతుకు చాలావరకు గడిచింది. ఒక జంట వెళ్ళిపోతూ తర్వాత వచ్చే జంటకి నన్ను అమ్మేసేది. అందరూ కడవరి దిన పరిశుద్ధుల సంఘంవాళ్ళే, లోకం మార్మన్లు అంటుందే, వాళ్ళు. ఈ సంఘం ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళనే కాదు, రిటైరైన మొగుడూపెళ్ళాలని కూడా సేవకి పంపుతుంది. జీతం ఉండదు. తమ పెన్షను డబ్బులతోనే తిండీ అద్దే చూసుకోవాలి. ఆరునెలలు మొదలు 23 నెలల దాకా ఉంటారు. ఆపియాలో పెసెంగ అనే చోట వీళ్ళ ఆలయం, బడి, క్వార్టర్లు అన్నీ ఒక్కచోటే. 1983లో ప్రతిష్ఠ చేసిన ఆలయం 2003లో మరమ్మతులు జరుగుతుండగా కాలిపోయింది. మళ్ళీ అక్కడే కట్టి 2005లో తలుపులు తెరిచారు.

చివరిగా నన్ను కొన్నవాళ్ళు 2019లో వచ్చారు. ఆయన అమెరికాలో ఐడహో రాష్ట్రపు బంగాళదుంపల రైతు, ఆవిడ రిటైరైన నర్సు. ఇక్కడ ఆయన్ని ఎల్డర్ అనీ ఆవిడని సిస్టర్ అనీ పిలిచేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. వీళ్ళెవర్ని మార్చడానికి వచ్చారా అని మొదట్లో నాకూ అనుమానమే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ విలియమ్స్ ఈ ద్వీపాల్లో దిగింది 1830లో. ఇప్పుడు ఊరికి రెండు మూడు చర్చిలుంటాయి. ఇది క్రైస్తవ దేశమని 2017లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. తీరా చూస్తే ఈ ముసలాళ్ళ చేతిలో బైబిలుకన్నా పానాలూ అట్టపెట్టెలే ఎక్కువ కనబడేవి. కుర్ర మిషనరీలు అద్దెకున్న ఇళ్ళు తిరిగి చూడడం ఎల్డర్ పని. కారే కుళాయి, తిరగని ఫ్యాను, ఎలుకలు కొరికిన వైరు, నీళ్ళ ఫిల్టరు. ఒళ్ళు బాగోలేని కుర్రాళ్ళ సంగతి సిస్టర్ పని.

తెల్లారకముందే నడకకి బయల్దేరేవాళ్ళు, ఎండ ముదిరితే అడుగు పడదు మరి. వీధికుక్కలు మీదికొస్తే రాయి తీస్తున్నట్టు వంగాలి. రాయి ఉండక్కర్లేదు, వంగితే చాలు, పారిపోతాయి. ఈ విద్య వాళ్ళకి బడిపిల్లలు నేర్పారు. తిరిగొచ్చి స్నానంచేసి, ప్రార్థన చేసుకుని, ఎల్డర్ తెల్లచొక్కా, టై, నల్ల పేరుబిళ్ళ పెట్టుకునేవాడు. కింద మాత్రం ప్యాంటు కాదు, ఇయె ఫైతాంగా. జేబులున్న లుంగీ అనుకోండి. ఇక్కడ పెద్దమనిషి ఆఫీసుకైనా చర్చికైనా అదే కట్టుకుంటాడు. జీవితమంతా ట్రాక్టరు ఎక్కిన మనిషి మొదటిరోజు అదే ఊపులో నామీదికి కాలెత్తాడు. లుంగీ మధ్యలోనే పట్టేసింది. ఒక కాలు నేలమీద, ఒక కాలు నా మెట్టు మీద, ముందుకీ వెనక్కీ కాకుండా నిలబడిపోయాడు. సిస్టర్ సాయం చెయ్యలేదు, నా బానెట్ పట్టుకుని నవ్వుతూ ఉండిపోయింది. తర్వాత తర్వాత ఆడవాళ్ళు చీరతో స్కూటరు వెనక కూర్చున్నట్టు ముందు కూర్చుని, ఆనక రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవడం నేర్చుకున్నాడు.

ఇక రోడ్డు. అమెరికావాడికి ఎడమ స్టీరింగు అలవాటే, ఎడమ రోడ్డు కొత్త. సిస్టర్ కిటికీలోంచి సగం బయటికొచ్చి చూసి, "ఉండు... ఉండు... పంది అడ్డం... ఇప్పుడు వెళ్ళు" అనేది. ఆయన వెళ్ళేవాడు కాదు. తన కంటితో చూస్తే గాని నమ్మడు. తను చూద్దామని కొంచెం కుడికి తిప్పేసరికి ఎదురుగా ఇంకో బండి వచ్చేసేది. "చెప్పాను కదా!" అని ఆవిడ, "నాకు కనబడాలి కదా!" అని ఈయన. నలభై ఏళ్ళు దాటిన కాపురంలో ఈ తగువు కొత్తదేం కాదని నా నమ్మకం. కొన్నాళ్ళకి ఆయన మెడ తిప్పడం మానేశాడు. ఆవిడ "ఇప్పుడు" అనగానే కాలు తొక్కేవాడు. ఒకరి మాట మీద అంతలా యాక్సిలరేటర్ తొక్కడం మాటలా? ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తుంటే తెలుస్తుంది.

సిస్టర్ ఫోను పగలూ రాత్రీ మోగేది. జెర్రి కుట్టిందని ఒకడు, విరేచనాలని ఒకడు, సెగ్గడ్డ లేచిందని ఒకడు. ఈ ఉక్కలో దోమకాటుని గోకినా చీము పడుతుంది. ఒక సాయంత్రం టోంగా కుర్రాడొకణ్ణి నా వెనక తలుపు దించి దానిమీద కూర్చోబెట్టింది. మోకాలి కింద గడ్డ నిమ్మకాయంత ఉంది. టార్చి పళ్ళ మధ్య కరిచిపట్టి, వేడినీళ్ళ గుడ్డతో అద్ది, అద్ది, నెమ్మదిగా నొక్కింది. ఆరడుగుల వాడు, రగ్బీ ఆడేవాడు, నా తొట్టి అంచు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. టార్చి నోట్లో ఉండగానే ఆవిడ ఏదో చెబుతోంది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వాడు మాత్రం బుద్ధిగా తలూపాడు.

ఆదివారం తెల్లవారుజామున ఊరంతా ఉము పొగ. కాల్చిన రాళ్ళ మీద చేమదుంపలు, సీమపనసలు, కొబ్బరిపాలు పోసి చేమాకుల్లో చుట్టిన పలుసామి, మీద అరిటాకులు కప్పి ఉడికిస్తారు. చర్చి అయ్యాక ఏదో ఒక ఇంటి నుంచి పిలుపు. అతిథులు తిన్నాకే ఇంటివాళ్ళు తింటారు. పిల్లలు విసనకర్రలతో ఈగలు తోలుతూ ఎదురుచూస్తుంటే సిస్టర్‌కి ముద్ద దిగేది కాదు. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ఆపైన నా తొట్టిలో అరటిగెల ఒకటి తప్పనిసరి. సోమవారం పొద్దున్న పిల్లలకి ఫోను చేసేవాళ్ళు. ఐడహోలో అప్పటికింకా ఆదివారమే, అందరూ ఇళ్ళల్లో దొరుకుతారు. మనవలు ఫోనులో ఎదగడం నేనూ కిటికీలోంచి విన్నాను.

ఆ యేడు చివర్లో తట్టు వచ్చింది. అంతకుముందు సంవత్సరం టీకాలో నీళ్ళకి బదులు కాలం చెల్లిన మత్తుమందు కలిపి ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. టీకా కొన్నాళ్ళు ఆగిపోయింది, తల్లుల నమ్మకం అంతకన్నా ఎక్కువ దెబ్బతింది. రెండు లక్షల జనం ఉన్న దేశంలో 5,700 మందికి పైగా తట్టు సోకి 83 మంది పోయారు, చాలావరకు పసిపిల్లలే. ఆసుపత్రి ఆవరణలో కాచుకుని ఉన్న బంధువులకి మేం అన్నాలూ నీళ్ళసీసాలూ తీసుకెళ్ళేవాళ్ళం. ఒకరోజు తిరిగొస్తూ బస్సు వెనకే పెసెంగ దాకా వచ్చాం. ఆవిడ "ఇప్పుడు" అనలేదు, ఆయన అడగలేదు.

డిసెంబరు 5, 6 తేదీల్లో దేశం మూసేశారు. జనం ఇళ్ళల్లో ఉండాలి, బండ్లు తియ్యకూడదు. టీకా పడనివాళ్ళు ఉంటే ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టాలి, నర్సులే గడపగడపకీ వస్తారు. ఎదురింటావిడ నడుముకి చుట్టుకునే ఎర్ర లావలావా చింపి మందారపు కంచెకి కట్టింది. సిస్టర్ వరండాలో కుర్చీ వేసుకుని ఆ గుడ్డకేసే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళు సూది పట్టిన చెయ్యి, పాపం. నర్సులొచ్చి సూదులేసి వెళ్ళారు. ఎదురింటావిడ గుడ్డ విప్పడం మర్చిపోయింది. ఇంకో జట్టు వచ్చి మళ్ళీ పొడుస్తుందేమోనని సిస్టర్ వరండాలోంచే కేకలేసి, చేతులతో ముడి విప్పుతున్నట్టు సైగలు చేసి, ఎలాగో తీయించింది.

మూడు నెలలకే కోవిడ్. 2020 మార్చిలో ఇక్కడి ముసలి మిషనరీలని వెనక్కి రమ్మన్నారు. గడువు తీరలేదు, వీడ్కోలు విందులూ లేవు. మార్చాల్సిన ఫ్యాన్లు నా తొట్టిలోనే ఉండిపోయాయి. తర్వాతి జంట వచ్చే దారి లేదు, సరిహద్దులే మూసేశారు. అందుకని సంఘంలో చేమదుంపలు పండించే ఓ రైతుకి తాళాలిచ్చి, "బ్రేకులు కొంచెం ముందుగా తొక్కు" అని చెప్పి వెళ్ళాడు ఎల్డర్.

స్టీరింగు కుడికి మార్పిద్దామని రైతు మెకానిక్‌ని అడిగాడు. వాడు చెప్పిన ధరకి నాలాంటి బండి ఇంకోటి వస్తుంది, దాంతో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. శనివారం శనివారం చేమదుంపలు వేసుకుని ఆపియా ఫుంగలేయి మార్కెట్టుకి వస్తాం. కుడిపక్క సీట్లో వాళ్ళమ్మ. ఎదురుగా ఏమొస్తోందో చెప్పమని బతిమాలుకునే ఎక్కించుకుంటాడు. ఆవిడ లెయులుమోయెంగ దాటకుండానే నిద్రపోతుంది. మేం బస్సు వెనకే, అది ఆగినచోటల్లా ఆగుతూ వస్తున్నాం.